కరిగే ఎముక స్క్రూలకు తుప్పు పరీక్ష – 4వ పాఠం: బరువు పెరిగిన బిళ్ళ

పోయిన పాఠం చేసినవాళ్ళలో చాలామంది ఒకటే అడిగారు: కృత్రిమ దేహద్రవంలో వారం నానబెట్టిన మెగ్నీషియం బిళ్ళ (స్క్రూ లోహానికి మన నమూనా) బరువు తగ్గాల్సింది పోయి పెరిగిందేమిటని. త్రాసు బాగానే ఉంది. 1 మిల్లీగ్రాము లోహం హైడ్రాక్సైడ్‌గా మారి బిళ్ళనే అంటిపెట్టుకుంటే 2.4 మిల్లీగ్రాములవుతుంది. ఆ ద్రవంలోంచి వచ్చి చేరే కాల్షియం ఫాస్ఫేటు దానిపై అదనం. ఆ తెల్ల పొర తీయకుండా తూచారు.

గోకి తీయకండి, లోహం కూడా వస్తుంది. లీటరు నీళ్ళలో 200 గ్రాముల క్రోమియం ట్రైఆక్సైడ్, 10 గ్రాముల సిల్వర్ నైట్రేట్ కలిపిన ద్రావణంలో ముంచండి. ఇది క్యాన్సర్ కారకం: ఫ్యూమ్ హుడ్ (ఆవిర్లను బయటికి లాగేసే అర), గ్లవ్స్ లేకుండా ముట్టుకోవద్దు, సింకులో పారబోయొద్దు. నానబెట్టని బిళ్ళనొకదాన్ని కూడా అంతసేపే ముంచి, అది పోగొట్టుకున్న బరువును లెక్కలోంచి తీసేయండి.

ఇక లెక్క. గ్రాముల్లో తగ్గిన బరువును 87,600తో గుణించి, వైశాల్యం (చ.సెం.మీ.), గంటలు, సాంద్రత (మెగ్నీషియానికి 1.74) మూడింటి లబ్ధంతో భాగిస్తే ఏడాదికి మిల్లీమీటర్లు వస్తాయి. 2.2 చ.సెం.మీ. బిళ్ళ 168 గంటల్లో 10.5 మిల్లీగ్రాములు తగ్గితే 1.43.

నాకు చిరాకు తెప్పించేది చిన్న బీకరు. చారెడు ద్రవంలో బిళ్ళ వేస్తే పీహెచ్ 10 దాటుతుంది, హైడ్రాక్సైడ్ పొర గట్టిపడి కాపు కాస్తుంది, తుప్పు నెమ్మదిస్తుంది. "మా మిశ్రమలోహం అద్భుతం" అని రాసేస్తారు! శరీరంలో రక్తం పీహెచ్‌ను 7.4 దగ్గరే పట్టి ఉంచుతుంది, ఆ కాపు అక్కడ దొరకదు. చ.సెం.మీ.కు కనీసం 20 మి.లీ. ద్రవం పోయండి, నేనైతే 50 పోస్తాను. పీహెచ్ నిలపడానికి ట్రిస్ అనే రసాయనం కలిపితే ఇంకో తంటా: తుప్పును అదే వేగం చేస్తుంది. రక్తంలో పీహెచ్‌ను నిలిపేది బైకార్బొనేటు కాబట్టి, ద్రవంలోని బైకార్బొనేటుతో కలిసి అదే పని చేసే 5 శాతం కార్బన్ డయాక్సైడ్ ఇంక్యుబేటరుంటే దాన్నే నమ్ముకోండి.

నిజానికి నాకు తూకం కన్నా, మెగ్నీషియం తుప్పు పట్టేటప్పుడు వచ్చే హైడ్రోజన్ పట్టడమే ఇష్టం. బిళ్ళపై బోర్లించిన గరాటు మీద బ్యూరెట్ (కొలత గీతలున్న గాజు గొట్టం) బోర్లించడమే. 25 డిగ్రీల దగ్గర కరిగిన 1 మిల్లీగ్రాము లోహానికి దాదాపు 1 మి.లీ. వాయువు. ఆ క్రోమియం ద్రావణం గొడవ లేదు.

అభ్యాసం: 1, 3, 7, 14 రోజులకు మూడేసి బిళ్ళలు పెట్టి, ప్రతిదానికీ వాయువూ పట్టండి, తూకమూ తీయండి. రెండూ కలవకపోతే, వాయువు ఎటు పోయిందో కారణంతో సహా రాయండి.