ఇద్దరు చిన్నపిల్లలతో జర్మనీలో కాపురం, ప్రయాణం ఎలా?

ఉద్యోగం మీద జర్మనీ వచ్చే తెలుగు కుటుంబాల్లో చాలామందిది ఒకే వరస. ముందు ఒకరు వచ్చి ఇల్లు చూసుకుంటారు, కొన్ని నెలలకు మిగతావాళ్లు వస్తారు. పెద్దది నాలుగేళ్లది, చిన్నవాడు ఇంకా చంకలోనే అనుకోండి. అమ్మమ్మ దగ్గర లేదు, పనిమనిషి లేదు, కాసేపు పిల్లల్ని చూస్తుందనుకునే పక్కింటి పిన్నీ లేదు. పిల్లలున్నవాళ్లకు ఈ దేశం చేసే సాయం నిజంగా చాలా ఎక్కువ. అయితే ఏదీ దానంతట అది ఇంటికి రాదు. ముందుగా అడగాలి, కాగితం మీద అడగాలి. ఏ పని ముందు, ఏది తర్వాత అన్నది తెలిస్తే సగం అలసట తగ్గుతుంది. మేముండేది బెర్లిన్‌లో కాబట్టి కొన్ని వివరాలు ఇక్కడివే. రాష్ట్రం మారితే ఫీజులు, పద్ధతులు మారతాయి.

1. సోఫా కంటే ముందు కాగితాలు

ఇంట్లో దిగిన రెండు వారాల్లోగా అన్‌మెల్డుంగ్, అంటే చిరునామా నమోదు చేయించాలి. పిల్లల పేర్లు కూడా అందులో ఉండాలి. ఇంటి ఓనరు సంతకం పెట్టిన పత్రం లేకపోతే ఆఫీసులో ముట్టుకోరు, అందుకే తాళాలు తీసుకునే రోజే అది కూడా అడిగి తీసుకోండి. బెర్లిన్‌లో ఏ పేట ఆఫీసుకైనా వెళ్లొచ్చు. మీ పేటలో అపాయింట్‌మెంట్ లేకపోతే ఊరి అవతలి మూలలో దొరికినా పట్టేయండి. పిల్లల బర్త్ సర్టిఫికెట్లు, మీ పెళ్లి సర్టిఫికెట్టు, వాటి జర్మన్ అనువాదాలు ఒకే ఫైల్లో పెట్టుకోండి. ఆ ఫైలు ఏడాది పొడవునా పనికొస్తుంది.

నమోదయ్యాక ట్యాక్స్ నంబరు పోస్టులో వస్తుంది. అది చేతికి రాగానే కిండర్‌గెల్డ్‌కు, అంటే పిల్లల కోసం ప్రభుత్వం నెలనెలా ఇచ్చే డబ్బుకు అప్లై చేయండి. 2025లో ఒక్కో బిడ్డకు నెలకు 255 యూరోలు ఇచ్చారు. ఆలస్యంగా అడిగితే వెనకటి ఆరు నెలల డబ్బే ఇస్తారు, అంతకు ముందుది పోయినట్టే.

2. జ్వరం రాకముందే పిల్లల డాక్టర్ని వెతకండి

నా లెక్కలో అన్నిటికన్నా తొందరపడాల్సిన పని ఇదే. పెద్ద ఊళ్లలో చాలామంది పిల్లల డాక్టర్లు కొత్తవాళ్లను తీసుకోవడం లేదంటారు. ఇంటికి దగ్గరున్న క్లినిక్‌లన్నిటికీ వరసగా ఫోన్ చేయండి. ఫోన్‌లో కాదన్నవాళ్లు కూడా బిడ్డనెత్తుకుని నేరుగా వెళ్లి అడిగితే ఒప్పుకుంటుంటారు. ప్రభుత్వ బీమా ఉంటే పిల్లలిద్దరూ మీ బీమాలోకే వస్తారు, వాళ్ల కోసం విడిగా కట్టేదేమీ ఉండదు. పన్నెండేళ్లలోపు పిల్లలకు జ్వరం మందులాంటివి కూడా డాక్టరు చీటీ రాస్తే చాలావరకు బీమా కిందికే వస్తాయి. మన ఊళ్లో సిరప్పు ఇచ్చే చోట ఇక్కడ తరచూ మలద్వారంలో పెట్టే మాత్ర ఇస్తారు. చూసి కంగారుపడకండి, నిద్రలో ఉన్న పిల్లలకు అదే సులువు.

ఇండియా టీకాల కార్డు తప్పకుండా తెచ్చుకోండి. డాక్టరు దాన్ని ఇక్కడి పట్టికతో పోల్చి మిగిలినవి వేస్తారు. పుట్టినప్పటి నుంచి ఐదేళ్ల దాకా యు1 నుంచి యు9 వరకు ఆరోగ్య పరీక్షలుంటాయి, వాటి వివరాలన్నీ పసుపుపచ్చ పుస్తకంలో రాస్తారు. ఆ పుస్తకం పాస్‌పోర్టుతో సమానంగా దాచుకోవాలి.

మూడు నంబర్లు ఫ్రిజ్ మీద అంటించండి: ప్రాణాపాయమైతే 112, రాత్రిపూట లేదా ఆదివారం డాక్టరు కావాలంటే 116117, మీ రాష్ట్రం విషప్రమాదాల హెల్ప్‌లైన్. రెండేళ్ల పిల్లలున్న ఇంట్లో మూడోది ఎందుకో చెప్పక్కర్లేదు.

3. కిటా: దొరికేదాకా ఒక ఎత్తు, అలవాటయ్యేదాకా ఇంకో ఎత్తు

కిటా అంటే బడికి ముందు పిల్లల్ని పగలు చూసుకునే కేంద్రం. ఏడాది నిండిన ప్రతి బిడ్డకూ కిటాలోనో, ఇంట్లో పిల్లల్ని చూసుకునే లైసెన్సు ఉన్నవాళ్ల దగ్గరో చోటు పొందే హక్కు 2013 ఆగస్టు నుంచి చట్టంలో ఉంది. హక్కు ఉన్నా సీటు మనమే వెతుక్కోవాలి. బెర్లిన్‌లో ముందు గుట్‌షైన్ అనే అనుమతి పత్రం తీసుకోవాలి, చేర్చే తేదీకి తొమ్మిది నెలల ముందు నుంచే దానికి అప్లై చేయొచ్చు. ఇక్కడ కిటా ఫీజు లేదు, భోజనానికి కొద్దిగా కట్టాలి. ఇద్దరికీ ఒకే కిటాలో అడగండి. పొద్దున్నే మైనస్ ఐదు డిగ్రీల చలిలో రెండు చోట్లకు తిరగడం మనవల్ల కాదు. ఒకరికి సీటు దొరికితే, తోబుట్టువులకు ముందు అవకాశం ఇస్తారా అని ఆ రోజే అడిగేయండి.

2020 మార్చి నుంచి తట్టు టీకా రుజువు లేకుండా చేర్చుకోరు. ఏడాది నిండితే కనీసం ఒక డోసు, రెండేళ్లు నిండితే రెండు.

చేరాక అలవాటు చేయించే దశ ఉంటుంది. దీనికి రెండు నుంచి నాలుగు వారాలు సెలవు పెట్టుకోండి. ఇద్దరూ ఒకేసారి చేరితే అమ్మ ఒకరి దగ్గర, నాన్న ఇంకొకరి దగ్గర కూర్చోవాలి. మొదటి మూడు రోజులు మీరు గదిలో ఓ మూల గంటసేపు ఊరికే కూర్చుంటారు. ఆడించకూడదు, పిలవకూడదు, బిడ్డ వచ్చి ఒడిలో వాలితే మాత్రం తోసేయకూడదు. నాలుగో రోజు టీచరు సైగ చేస్తారు. బిడ్డకు చెప్పి, తలుపు దాటి బయట బెంచీ మీద కూర్చోవాలి. లోపల ఏడుపు మొదలవుతుంది, తర్వాత టీచరు గొంతు, ఆ తర్వాత ఏదో బొమ్మ చప్పుడు. టీచరు ఓదారిస్తే ఊరుకున్నారా లేదా అన్నదాన్ని బట్టే తర్వాతి రోజులు నడుస్తాయి. కనిపించకుండా జారుకోవడం మన దగ్గర మామూలే గానీ ఇక్కడ ఒప్పుకోరు. అదే మంచిదని నేనూ నమ్ముతాను. చెప్పి వెళ్లిన అమ్మ తిరిగొస్తుందని పిల్లలకు తెలియాలి.

ఇంట్లో తెలుగే మాట్లాడండి. జర్మన్ కిటాలో వస్తుంది, తెలుగు నేర్పడానికి మీరు తప్ప ఇంకెవరూ లేరు.

4. బట్టలు, బండి, ఆదివారం

వానలోనూ చలిలోనూ కిటా పిల్లల్ని బయటికి తీసుకెళ్తారు. అందుకే ఒక్కొక్కరికి రబ్బరు బూట్లు, పైనుంచి వేసే వాటర్‌ప్రూఫ్ ప్యాంటు, లోపల వేసుకునే చెప్పులు, ఒక జత మార్పు బట్టలు కావాలి. అన్నిటి మీదా పేరు రాయండి. కొత్తవి కొనకండి, పిల్లల పాత వస్తువుల సంతల్లో మంచివి తక్కువ ధరకే దొరుకుతాయి, ఎలాగూ ఆర్నెల్లకు పొట్టివైపోతాయి. కారెక్కితే మందపాటి జాకెట్టు విప్పాకే సీటు బెల్టు పెట్టండి. దూదిలాంటి జాకెట్టు మీద బెల్టు బిగిసినట్టు కనిపిస్తుంది గానీ బిగియదు.

పిల్లలిద్దరూ పక్కపక్కన కూర్చునే తోపుడు బండి (స్ట్రోలర్) కొనొద్దని నా సలహా. పాత ఇళ్ల లిఫ్టుల్లో, బస్సు తలుపుల్లో అది పట్టదు. ఒక్కరి బండి, దాని వెనక పెద్దది నిలబడే చక్రాల పలక చాలు.

ఆదివారం దుకాణాలు మూసేస్తారు. డైపర్లు, పాలు, పెరుగు శనివారమే తెచ్చుకోవాలి. మరిచిపోతే పెద్ద రైల్వేస్టేషన్లలోని దుకాణాలే దిక్కు.

5. రైలు ప్రయాణం

ఆరేళ్లలోపు పిల్లలకు టికెట్ అక్కర్లేదు. ఆరు నుంచి పద్నాలుగేళ్లవాళ్లు పెద్దవాళ్లతో కలిసి వెళ్తే దూరపు రైళ్లలోనూ ఉచితమే, కాకపోతే వాళ్లను మీ టికెట్‌లో చేర్చాలి. సీటు మాత్రం విడిగా రిజర్వు చేయాలి. మొత్తం కుటుంబానికి ఒకే రుసుముతో ఇచ్చే రిజర్వేషన్ 2025 జూన్‌లో తీసేశారు, ఇప్పుడు ఎన్ని సీట్లుంటే అన్నిటికీ కట్టాల్సిందే. అయినా కొనండి. శుక్రవారం సాయంత్రం నిండిన ఐసీఈ అనే దూరపు వేగపు రైల్లో ఇద్దర్నీ ఒళ్లో పెట్టుకుని నాలుగు గంటలు కూర్చోలేం. బుక్ చేసేటప్పుడు చంటిపిల్లల కూపే ఖాళీగా ఉందేమో ముందు చూడండి. తలుపు వేసుకోవచ్చు, బండి పెట్టుకునే చోటుంటుంది, బిడ్డ ఏడ్చినా ఎవరూ తలతిప్పి చూడరు. అది దొరక్కపోతే ఫ్యామిలీ సీట్లు తీసుకోండి.

స్టేషన్లో ప్లాట్‌ఫారం పొడవునా ఏ, బీ, సీ అని అక్షరాల బోర్డులు వేలాడుతుంటాయి. మీ బోగీ ఏ అక్షరం దగ్గర ఆగుతుందో జర్మన్ రైల్వే వాళ్ల డీబీ నావిగేటర్ యాప్‌లో చూసుకుని అక్కడే నిలబడండి. బోగీల వరస తిరగబడిందని చివరి నిమిషంలో ప్రకటన రావడం ఇక్కడ అరుదేం కాదు. అప్పుడు బండి, సూట్‌కేసు, ఇద్దరు పిల్లలతో పరుగెత్తకండి. దగ్గరి తలుపులో ఎక్కేయండి. ఒకరు పిల్లలతో ముందెక్కాలి, రెండోవాళ్లు సామాను అందించి చివర్లో ఎక్కాలి. బండి ఎత్తడానికి ఎవర్నైనా కళ్లతో అడిగినా సాయం పడతారు, మొహమాటపడకండి.

తిండికి పులిహోర, చపాతీ రోల్స్, కోసిన దోసకాయ తీసుకెళ్లండి. పెరుగన్నం ఇంటికి చేరాకే పెట్టండి, రైలు కుదుపులకు ఒళ్లంతా అవుతుంది. రైలు గంటకు మించి ఆలస్యమైతే టికెట్ ధరలో 25 శాతం, రెండు గంటలు దాటితే 50 శాతం వెనక్కి అడగొచ్చు. ఆ ఫారం యాప్‌లోనే ఉంటుంది.

దగ్గరి ఊళ్లకైతే 2023 మేలో 49 యూరోలతో మొదలైన డాయిచ్‌లాండ్ టికెట్ బాగుంటుంది. దాని ధర 2025లో 58కి పెరిగింది. మెట్రో, బస్సు, ప్రాంతీయ రైళ్లన్నీ అందులో వస్తాయి, ఐసీఈ రాదు.

6. ఇండియా ప్రయాణం బడికి ముందే లెక్కేసుకోండి

రెండేళ్లలోపు బిడ్డ విమానంలో ఒళ్లో కూర్చోవచ్చు, ఉయ్యాల కావాలంటే టికెట్ కొన్న వెంటనే ఎయిర్‌లైన్‌కు ఫోన్ చేయండి. బిడ్డకు దారిలో కావాల్సిన పాలు, ఆహారం 100 మిల్లీలీటర్లు దాటినా సెక్యూరిటీలో అనుమతిస్తారు, ట్రేలో విడిగా పెట్టి చూపించండి. ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి హైదరాబాద్‌కు 2024 జనవరిలో నేరు విమానం మొదలయ్యాక దారిలో విమానం మారే అగచాట్లు చాలామందికి తప్పాయి.

కిటా వయసులో ఉన్నంతకాలం సంక్రాంతికైనా, తమ్ముడి పెళ్లికైనా కిటాకు చెప్పి వెళ్లిపోవచ్చు. ఆరేళ్లకు బడి మొదలైతే అది తప్పనిసరి చదువు. బడి రోజుల్లో అనుమతి లేకుండా వెళ్తే తల్లిదండ్రులకు జరిమానా పడొచ్చు. తాతయ్య వాళ్ల ఊళ్లో నెల రోజుల పండగ సెలవులు గడపాలని ఉంటే పెద్దది కిటాలో ఉండగానే వెళ్లిరండి. ఆ తర్వాత వేసవి సెలవుల ఆరు వారాలే మీకు మిగిలే పెద్ద సెలవు, వాటి టికెట్లు ఖరీదుగా ఉంటాయి కాబట్టి శీతాకాలంలోనే కొనేయండి.