చాళుక్యుల కాలం నాటి కొప్పు: వేషానికి ఎలా కట్టాలి?

కోనసీమలో తీర్థానికి నాటకం వేసినా, కాలేజీలో రూపకం వేసినా వేంగి రాణి తల మీద బజారులో కొన్న నల్ల బన్ను, దాని చుట్టూ బంతిపూలు. బంతి అమెరికా ఖండం మొక్క. ఐరోపా ఓడలు వచ్చాకే మన దేశం చేరింది. వెయ్యేళ్ల కిందటి రాణికి అది ఎలా దొరుకుతుంది?

ముందు రాతిని చూడండి. బిక్కవోలు గుళ్లు, సామర్లకోట భీమేశ్వరాలయం తూర్పు చాళుక్యుల నాటివే. పొద్దున్నే ఏటవాలు ఎండలో వెళ్లాలి, మిట్టమధ్యాహ్నం చెక్కడం లోతు తెలియదు. దేవతల తల మీద అంతస్తులుగా కనిపించేది కరండ మకుటం. అది కిరీటం, జుట్టు కాదు. దాన్ని చూసి చెలికత్తెకు కొప్పు కట్టేవాళ్లు చాలామంది. మీకు కావలసింది నాట్యకత్తెల, పరిచారికల బొమ్మలు. పక్కనుంచి కూడా ఫొటో తీయండి. కొప్పు మెడ మీదికి వాలిందో, చెవి వైపు ఒరిగిందో ఎదుటి ఫొటోలో తేలదు.

సవరం, నల్ల నూలుగుడ్డ, మొద్దు మొన సూది, నల్లదారం, స్లైడులు సిద్ధం చేసుకోండి. కడిగి ఆరబెట్టిన కొబ్బరి పీచును గుడ్డలో ఉండగా కుట్టాలి. స్పాంజి వాడకూడదు. చెమట పీల్చి బరువెక్కుతుంది. పీచు తేలిక, పైగా మన దగ్గర ఊరికే దొరుకుతుంది.

అసలు పని ఆ ఉండను తల మీద నిలబెట్టడం. చాలామంది కొప్పంతా తయారుచేసి చివర్లో పిన్నులు గుచ్చుతారు. రెండో సీనుకే అది జారుతుంది, అమ్మాయికి డైలాగు కన్నా కొప్పు టెన్షనే ఎక్కువవుతుంది. పిన్ను బరువు మోయదు. బరువు మోయాల్సింది సొంత జుట్టే.

తలస్నానం ముందురోజే అయిపోవాలి, అప్పుడే కడిగిన జుట్టు పట్టునివ్వదు. నూనె అసలు వద్దు. నడినెత్తికి వెనక ఒక పాయ తీసి బిగుతుగా సన్నజడ అల్లి, బిళ్లలా చుట్టి, స్లైడులతో తలకు అదిమి పెట్టండి. పీచు ఉండను ఈ జడకే కుట్టాలి. సూది జడ లోంచే పోవాలి, చర్మం వైపు దించవద్దు. ఒకవైపే కుట్టుకుంటూ పోకుండా ముందు నాలుగు దిక్కులా నాలుగు కుట్లు వేసి, తర్వాత మధ్యలో నింపండి.

పక్కకు ఒరిగే కొప్పయితే సన్నజడను సరిగ్గా ఆ చోటే పెట్టవద్దు. రెండు వేళ్లు పైన పెడితే బరువుకు దిగి, శిల్పంలో ఉన్న చోటికే వస్తుంది.

ఇప్పుడు వంగి దండం పెట్టమనండి, తల గిరుక్కున తిప్పమనండి. ఉండ కొంచెం కదిలినా కుట్లు విప్పి మళ్లీ మొదలుపెట్టాలి. కణతల దగ్గర చర్మం లాగుతోందేమో అడగండి. అడగకపోతే అమ్మాయిలు చెప్పరు, నాటకం సగంలో తలనొప్పితో కూర్చుంటారు. ఇదంతా కుదిరాకే సవరం చుట్టాలి.

పూలకు కడియపులంక వెళ్తే మల్లెమొగ్గలు, సంపెంగలు చూసుకోండి. మొగలిరేకులు దొరికితే ఇంకా మంచిది. విచ్చిన మల్లెలు వద్దు, లైట్ల వేడికి వాడిపోతాయి.

విప్పేటప్పుడు ముందు కుట్లు కత్తిరించి, ఆ తర్వాతే స్లైడులు తీయండి.