చిగుళ్ళు జారుతున్నాయా? పేస్టు మార్చే ముందు కారణం తేల్చుకోండి

డిసెంబరులో బెంగళూరు కుళాయి నీళ్ళు నోట్లో పోసుకోగానే పన్ను జివ్వుమంటుంది. మర్నాడు కాఫీ తాగితే మళ్ళీ అదే. వెంటనే మెడికల్ షాపుకెళ్ళి టీవీలో చూసిన సెన్సిటివిటీ పేస్టు తెచ్చుకుంటారు. జివ్వుమనడం తగ్గుతుంది, విషయం మరుగున పడుతుంది, చిగురు మాత్రం తన దారిన తాను జారుతూనే ఉంటుంది.

ఇక్కడ చిక్కేమిటంటే, గట్టిగా తోమేవాళ్ళకీ చిగురు జారుతుంది, సరిగ్గా తోమనివాళ్ళకీ జారుతుంది. అద్దంలో చూస్తే రెండూ ఒకేలా ఉంటాయి. ఒకరికి చెయ్యి తేలిక చేసుకోమని చెప్పాలి, ఇంకొకరికి ఇంకాస్త శ్రద్ధగా తోమమని చెప్పాలి. పీజీలో పక్క బెడ్డు కుర్రాడికి పనిచేసిన చిట్కా మీ నోటికి చెరుపు చేసేది ఇందుకే. మీరు ఏ కోవలోకి వస్తారో ముందు చూసుకోండి.

ఇంట్లో చేసుకునే పరీక్ష

అద్దం ముందు ఫోన్ టార్చ్ వేసి పెదవి పైకెత్తండి. పన్ను తెల్లగా ఉండి, చిగురు దగ్గర సన్నటి పసుపు పట్టీలా కనిపిస్తే అది మురికి కాదు, బయటపడిన పంటి వేరు. వేరు మీద పంటిని కాపాడే గట్టి పొర ఎనామిల్ ఉండదు కాబట్టే చల్లదనం, వేడి తిన్నగా లోపలికి తగులుతాయి. ఇప్పుడు కోరపన్ను మీద గోరు పెట్టి పైనుంచి చిగురు వైపు మెల్లగా జార్చండి. చిగురుకి కాస్త ముందు గోరు ఒక గాడిలో పడి ఆగిందా? తర్వాత కింది ముందుపళ్ళ వెనకవైపు నాలుకతో తడమండి. నున్నగా ఉందా, గరుకుగా ఉందా? చివరగా, తోముకున్నాక ఉమ్మిలో ఎర్రటి చార ఉందేమో చూడండి.

పళ్ళు తళతళా ఉన్నాయి, రక్తం లేదు, కానీ జివ్వుమంటున్నాయి

గోరు గాడిలో పడినవాళ్ళు ఇది చదవండి. కారణం చాలావరకు బ్రష్షే. కుడిచేత్తో తోముకునేవాళ్ళకు ఎడమవైపు కోరపన్ను, దాని పక్క పళ్ళ దగ్గర ఎక్కువ జారి ఉంటే అనుమానం ఇంకా బలపడుతుంది, ఒత్తిడంతా అక్కడే పడుతుంది కాబట్టి. మీ బ్రష్షు చూడండి. నెల తిరక్కుండానే కుచ్చులు రెండు పక్కలకీ వాలిపోయాయంటే సాక్ష్యం దొరికినట్టే.

మనవాళ్ళలో దీనికి ఇంకో కథ ఉంది. అనంతపురం, ప్రకాశం, నల్గొండ వైపు ఫ్లోరైడ్ నీళ్ళ ఊళ్ళలో పుట్టి పెరిగినవాళ్ళకు పళ్ళ మీద గోధుమరంగు చారలుంటాయి. ఉద్యోగానికి బెంగళూరు వచ్చాక వాటిని పోగొట్టుకోవాలని బొగ్గుపొడి, ఉప్పు, గట్టి బ్రష్షు పట్టుకుని రోజూ రుద్దుతారు. ఆ చారలు చిన్నప్పుడు పన్ను తయారయ్యేటప్పుడే లోపల పడినవి. ఎంత రుద్దినా పోవు. పోయేది చిగురు. రంగు గురించే బాధైతే దానికి డాక్టరు దగ్గర వేరే పద్ధతులున్నాయి, తోమడం మాత్రం వాటిలో లేదు.

ఏం చేయాలంటే: సాఫ్ట్ లేదా అల్ట్రా సాఫ్ట్ బ్రష్షుకి మారండి. కుచ్చులు సగం చిగురు మీద, సగం పంటి మీద ఉండేలా 45 డిగ్రీలు వాల్చి, ఉన్నచోటే చిన్నగా కదిలించి, చిగురు నుంచి పంటి అంచు వైపు తుడిచినట్టు లాగండి. రంపం కోసినట్టు అడ్డంగా వద్దు. బ్రష్షుని పిడికిలితో కాకుండా పెన్ను పట్టుకున్నట్టు పట్టుకుంటే బలం దానంతటదే తగ్గుతుంది. రెండు పూటలా, రెండేసి నిమిషాలు చాలు. నిమ్మరసమో కూల్‌డ్రింకో తాగిన వెంటనే తోమకండి, అరగంట ఆగండి. పళ్ళపొడి, కచ్చిక, బొగ్గు పేస్టులు పూర్తిగా మానేయండి. సహజమైనదన్న మాట నిజమే కావచ్చు, వేరుని అరగదీసేదీ ఆ గరుకుతనమే.

ఇక పేస్టు సంగతి. పొటాషియం నైట్రేట్ ఉన్న రకాలు పని మొదలుపెట్టడానికి రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది. మూడ్రోజులు వాడి లాభం లేదని పారేసేవాళ్ళే ఎక్కువ. తోమాక ఉమ్మేసి, గ్లాసెడు నీళ్ళతో కడిగేసుకోకుండా వదిలేస్తే ఇంకా మంచిది. గాడి లోతుగా ఉంటే డాక్టరు పంటిరంగు ఫిల్లింగ్ పెడతారు. తోమే పద్ధతి మార్చుకోకుండా ఫిల్లింగ్ ఒక్కటీ పెట్టించుకుంటే కొన్నాళ్ళకు దాని పక్కనే మళ్ళీ అరుగుతుంది.

రక్తం వస్తోంది, వాసన ఉంది, పళ్ళ మధ్య సందులు పెరిగాయి

దీన్ని తేలిగ్గా తీసుకోకండి. పళ్ళ మీది పాచి గట్టిపడి గార అవుతుంది. ఒకసారి గార కట్టాక ఏ బ్రష్షుకీ, ఏ పేస్టుకీ రాదు. దాని గరుకు మీద మళ్ళీ పాచి చేరుతుంది, చిగురు వాస్తుంది, ఆ వాపు నిదానంగా లోపలి ఎముకని తినేస్తుంది. ఎముక దిగితే దాని వెంటే చిగురూ దిగుతుంది. నాలుకకి గరుకుగా తగిలింది గారే. బోరు నీళ్ళ వల్ల పట్టిందని చాలామంది బోరుని తిడతారు కానీ, గార కట్టేది మన లాలాజలంలోని ఖనిజాల వల్లే.

రక్తం వస్తోందని ఆ పక్క తోమడం మానేస్తారు చూడండి, సరిగ్గా అదే తప్పు. రక్తం వచ్చేచోటే మెత్తగా, శ్రద్ధగా శుభ్రం చేయాలి. ఉత్త పాచి వల్ల వచ్చిన రక్తమైతే వారం, రెండు వారాల్లో తగ్గుముఖం పడుతుంది. తగ్గలేదంటే గార ఉండి ఉండొచ్చు, డాక్టరు దగ్గరికి వెళ్ళాలి. అక్కడ సన్నటి కొలకడ్డీతో చిగురుకీ పంటికీ మధ్య లోతు కొలుస్తారు. 3 మిల్లీమీటర్ల దాకా మామూలే. 4 దాటి, రక్తం కూడా వస్తుంటే గార తీసే స్కేలింగ్‌తో పాటు చిగురు లోపల వేరుని కూడా శుభ్రం చేయాల్సి రావచ్చు. కొలవకుండానే పైపైన మెరుగు పెట్టి పంపించేస్తే, ఇంకో డాక్టర్ని చూసుకోండి.

ఊరి నుంచి పిల్లల దగ్గరికి వచ్చిన అమ్మానాన్నలు క్లీనింగ్ అనగానే వద్దంటారు. ‘క్లీనింగ్ చేయిస్తే పళ్ళు వదులవుతాయిరా, మన పక్కింటాయనకి అలాగే అయింది’ అని. ఆయనకి సందులు కనిపించింది నిజమే. అన్నాళ్ళూ ఆ సందుల్లో గార నిండి ఉంది, వాచిన చిగురు వాటిని కప్పి ఉంది. రెండూ పోయేసరికి అసలు నష్టం బయటపడింది. క్లీనింగ్ చేయించకపోతే ఆ పళ్ళు ఇంకా తొందరగా ఊడతాయి.

షుగర్ ఉన్నవాళ్ళ సంగతి వేరేగా చెప్పాలి. షుగర్ అదుపులో లేకపోతే చిగుళ్ళ జబ్బు ముదురుతుంది, చిగుళ్ళలో వాపు ఉంటే షుగర్ అదుపులోకి రావడం కష్టమవుతుంది. అందుకే పళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళేటప్పుడు ఈమధ్య తీయించిన, మూడు నెలల సగటు షుగర్ చెప్పే హెచ్‌బీఏ1సీ రిపోర్టు వెంట తీసుకెళ్ళండి, గుండెకి రక్తం పలచబరిచే మాత్రలు వేసుకుంటుంటే ముందే చెప్పండి, మీకు మీరుగా ఆపకండి.

ఇంట్లో చేయాల్సింది: సందులు వెడల్పైనవాళ్ళకు ఫ్లాస్ దారం కన్నా సందుల్లో దూర్చే చిన్న ఇంటర్‌డెంటల్ బ్రష్షు మేలు. సందుని బట్టి సైజు డాక్టరునే అడగండి. క్లోర్‌హెక్సిడిన్ మౌత్‌వాష్ రాసిస్తే రెండు వారాలో, వాళ్ళు చెప్పినన్నాళ్ళో వాడి ఆపేయండి. నెలల తరబడి వాడితే పళ్ళు గోధుమరంగుకి తిరుగుతాయి. నూనె పుక్కిలించడం, లవంగనూనె రాయడం లాంటివి గారని కరిగించవు. పిన్నీసులు, గుండుసూదులు మాత్రం నోటి దగ్గరికి రానివ్వకండి.

రక్తం లేదు, కానీ పళ్ళు కదులుతున్నాయి

సిగరెట్ తాగేవాళ్ళు ఇక్కడే మోసపోతారు. పొగ వల్ల చిగుళ్ళకు రక్తప్రసరణ తగ్గి, లోపల జబ్బు ముదురుతున్నా రక్తం కనిపించదు. గుట్కా, ఖైనీ పెట్టుకునేవాళ్ళకు సరిగ్గా అవి పెట్టుకునే చోటే చిగురు జారుతుంది. అక్కడ తెల్లమచ్చ గానీ, రెండు వారాలైనా మానని పుండు గానీ ఉంటే చిగురు సంగతి తర్వాత, ముందు క్యాన్సర్ కాదని తేల్చుకోండి.

ఒక్క పంటి దగ్గరే జారింది

పన్ను వరస తప్పి బయటికి ఉండటం, పెదవి లోపలి నరంలాంటి మడత చిగురుని కిందికి లాగడం, కింది పెదవికి కుట్టించుకున్న స్టడ్ రాసుకోవడం, ఇలా ఏదైనా కావచ్చు. పళ్ళ వరస సరిచేసే క్లిప్పులు గానీ, అలైనర్లు గానీ వేయించుకుంటుంటే వేసిన డాక్టరుకే చూపించండి.

పోయిన చిగురు తిరిగి వస్తుందా?

దానంతటది రాదు. ఏ జెల్లూ, ఏ నూనే పెంచలేవు. ఆన్‌లైన్లో అలా అమ్మేదేదైనా డబ్బు దండగ. అలాగని జారిన ప్రతి చిగురుకీ ఆపరేషన్ అక్కర్లేదు. జారడం ఆగి, జివ్వుమనకుండా, శుభ్రం చేసుకోవడానికి ఇబ్బంది లేకుండా ఉంటే ఫోటో తీసి పెట్టుకుని ఆరు నెలలకోసారి పోల్చి చూసుకుంటే చాలు. ఇంకా జారుతూ ఉంటేనో, నవ్వినప్పుడు బాగా కనిపించి బాధపెడుతుంటేనో పెరియోడాంటిస్టుని, అంటే చిగుళ్ళ డాక్టరుని, కలవండి. అంగిట్లోంచి సన్నటి పొర తీసి, జారినచోట చిగురు కింద పెట్టి కుడతారు, దీన్నే గ్రాఫ్ట్ అంటారు. రెండు పళ్ళ మధ్య ఎముక, చిగురు చెక్కుచెదరకుండా ఉంటే వేరు పూర్తిగా కప్పే అవకాశం బాగుంటుంది. మధ్యలోదీ తగ్గిపోయి ఉంటే సగమే ఆశించాలి, ఈ మాట డాక్టరు ముందే చెప్పాలి.

ఖర్చుకి వెనకాడేవాళ్ళు బెంగళూరు విక్టోరియా ఆసుపత్రి ఆవరణలోని ప్రభుత్వ డెంటల్ కాలేజీలో అడగండి. పొద్దున్నే వెళ్ళాలి, ఒకటికి నాలుగుసార్లు తిరగాలి, పని మాత్రం తక్కువలో అవుతుంది.

గ్రాఫ్ట్ పెట్టాక సుమారు రెండు వారాలు అక్కడ బ్రష్షు తగలకూడదు, మెత్తటి తిండే తినాలి, కుట్లు తీయించుకోవడానికి మళ్ళీ వెళ్ళాలి. కాబట్టి సంక్రాంతికి ఊరెళ్ళే ముందు వారం తేదీ తీసుకోకండి. పండక్కి జంతికలు, సకినాలు ముందు పెట్టుకుని పెరుగన్నం తినడం ఎవరివల్లా కాదు.