సిరంజి నొక్కితే ఫోకస్ మారే నీటి కటకం ఎలా చేయాలి?

మన కంటిలోని కటకం మెత్తగా ఉంటుంది. దగ్గరి వస్తువును చూసేటప్పుడు దాని చుట్టూ ఉండే సిలియరీ కండరాలు బిగుసుకుని అది ఉబ్బుతుంది, దూరంగా చూస్తే పలచబడుతుంది. నలభై దాటాక అది గట్టిపడుతుంది కాబట్టే పేపర్ చదవడానికి అద్దాలు కావాలి. పదో తరగతి పిల్లలు దీన్ని బట్టీ పట్టడం కన్నా ఒకసారి చేతులతో చేసి చూడటం ఎంతో మేలు. నెల్లూరులోనైనా ఒంగోలులోనైనా ట్రంకు రోడ్డు చుట్టుపక్కల దొరకని వస్తువు ఇందులో ఒక్కటీ లేదు.

కావలసినవి: లోపలి వెడల్పు 4 సెంటీమీటర్లుండే పీవీసీ పైపు నుంచి కోసిన 2 సెంటీమీటర్ల ముక్క, మందపాటి పారదర్శక ప్లాస్టిక్ బిళ్ల, డెకరేషన్ షాపులో దొరికే పారదర్శక బెలూన్, 5 మిల్లీలీటర్ల సిరంజి, జానెడు సెలైన్ పైపు, ఎంసీల్, పాత సైకిల్ ట్యూబు నుంచి కోసిన పట్టీ.

1. పైపు ముక్క అంచులను గరుకు కాగితంతో నున్నగా రుద్దండి. ఒక వైపు ప్లాస్టిక్ బిళ్లను ఎంసీల్‌తో అతికించండి.

2. బిళ్లకు దగ్గరగా, పక్క గోడకు రంధ్రం చేసి సెలైన్ పైపు దూర్చి, చుట్టూ ఎంసీల్ పెట్టండి. రాత్రంతా ఆరనివ్వండి. ఇక్కడ తొందరపడితే నీళ్లు కారతాయి.

3. అసలు మెలకువ ఇక్కడే ఉంది. మొత్తాన్ని బకెట్ నీళ్లలో ముంచి, అటూ ఇటూ వంచి గాలి బుడగలన్నీ పోనివ్వండి. సిరంజిలో 2.5 మిల్లీలీటర్ల గీత దాకా నీళ్లు పీల్చి, నీళ్లలోనే పైపుకు తగిలించండి. బెలూన్ పొరను నీళ్లలోనే ముడతలు లేకుండా బాగా లాగి కప్పి, పైన ట్యూబు పట్టీని బిగించి చుట్టండి. చిన్న బుడగ మిగిలినా అది సరిగ్గా మధ్యకు వచ్చి నిలబడుతుంది.

ఇప్పుడు పొర బల్లపరుపుగా ఉంటుంది. సిరంజిని 1.25 మిల్లీలీటర్లు నొక్కితే పొర మధ్యలో 2 మిల్లీమీటర్లు ఉబ్బి, నాభ్యంతరం (కటకం నుంచి కిరణాలు కలిసే చోటికి ఉండే దూరం) సుమారు 30 సెంటీమీటర్లు అవుతుంది. పూర్తిగా నొక్కితే అది 15, 16 దగ్గరకు దిగుతుంది. వెనక్కి లాగితే పొర లోపలికి గుంటపడి పుటాకార కటకమై, అక్షరాలు చిన్నవవుతాయి. ఒకే కటకం రెండు రకాలుగానూ పనిచేస్తుందన్నమాట.

దీన్ని పడుకోబెట్టినట్టు అడ్డంగా, పొర పైకి ఉండేలా పట్టుకోండి. నిలబెడితే నీటి బరువుకు పొర కింది భాగం ఎక్కువ ఉబ్బి చూపు మసకబారుతుంది. పొరను ఎంత బిగువుగా లాగితే ఈ ఇబ్బంది అంత తగ్గుతుంది. రొయ్యల చెరువులున్నవాళ్లు తెల్ల పళ్లెంలో నీళ్లు పోసి, రెండు సీడు పిల్లల్ని వదిలి పైనుంచి చూడండి. సిరంజి నెమ్మదిగా నొక్కుతూ పోతే ఒకచోట కళ్ల నల్ల చుక్కలు, పేగులో మేత గీత స్పష్టంగా తేలతాయి. నాకైతే ఈ ప్రయోగంలో అన్నిటికన్నా ఇష్టమైన ఘట్టం ఇదే.

ఆక్స్‌ఫర్డ్ భౌతికశాస్త్రవేత్త జాషువా సిల్వర్ ఇదే సూత్రంతో, నీళ్లకు బదులు సిలికోన్ నూనె నింపి, పెట్టుకునేవాళ్లే పవర్ సరిచేసుకోగల కళ్లజోళ్లు తయారుచేశారు. మనం చేసినదాన్ని మాత్రం కళ్లజోడుగా వాడకండి. దీంతో సూర్యుణ్ణి అసలు చూడకండి, ఎండలో వదిలేయకండి, నిప్పు అంటుకుంటుంది. పని అయ్యాక నీళ్లు తీసేసి పట్టీ వదులు చేయండి, లేదంటే పొర సాగిపోతుంది.