ఊలు లేని అల్లిక – 3వ పాఠం: తాబేలు డిప్ప

పోయిన పాఠంలో అల్లిన పట్టీ అంచులు వంకర పోయాయా? విప్పకండి. ఈసారి అల్లేది సముద్రపు తాబేలు డిప్ప. దానికి ఆ వంకరే కావాలి, కాకపోతే మనం చెప్పినచోట రావాలి.

"తిరుపతిలో కూర్చుని సముద్రపు తాబేలేందమ్మా?" అని పక్కింటి అక్క నవ్వింది. 2022లో జిల్లాలు విడదీశాక సూళ్లూరుపేట, శ్రీహరికోట మన జిల్లాలోకే వచ్చాయి. రాకెట్ ఎగిరితే మిద్దెక్కి చూస్తాం. ఆ శ్రీహరికోట ఇసుకలోనే చలికాలం చివర్లో ఆలివ్ రిడ్లే తాబేళ్ళు గుడ్లు పెట్టిపోతాయి, గూటికి నూరుకు అటూ ఇటూ.

దారం మాత్రం నూలుదే తీసుకోండి. ఊలు అడిగితే అంగట్లో ఎక్కువగా చేతికిచ్చేది యాక్రిలిక్. అది ప్లాస్టిక్కే, ఉతికినప్పుడల్లా సన్నటి పోగులు రాలి నీళ్ళలో కలుస్తాయి. సముద్రం పేరు చెప్పి అదే అల్లడం నాకు మింగుడు పడదు. నూలు సాగదు కాబట్టి కుట్లు వదులుగా వేయండి, లేకుంటే వేళ్ళు నొప్పెడతాయి.

4 మిల్లీమీటర్ల సూదుల మీద 5 కుట్లు ఎక్కించండి. ఇది తోక వైపు. అన్ని వరసలూ సాదా అల్లికే. ఒక వరస మామూలుగా అల్లి, తరువాతి వరసలో మొదటి కుట్టునీ చివరి కుట్టునీ పెంచాలి. కుట్టును ముందు నుంచి అల్లాక ఎడమ సూది మీంచి జారనివ్వకుండా, దాన్నే వెనక నుంచి ఇంకోసారి అల్లితే ఒకటి రెండవుతుంది. ఇలా 8 సార్లు పెంచితే 21 కుట్లు. తరువాత 18 వరసలు పెంపూ తగ్గింపూ లేకుండా అల్లండి. ఆపైన ప్రతి వరసలో రెండు చివర్లా రెండేసి కుట్లు కలిపి అల్లుతూ 5 వరసలు పోతే 11 మిగులుతాయి. అక్కడ ముగించండి. తోక వైపు సన్నగా, మెడ వైపు వెడల్పుగా వచ్చిందంటే సరిగ్గా అల్లినట్టే.

ఇక డిప్ప మీద కనిపించే పలకలు. ముదురు దారంతో కాడకుట్టు వేయండి. నడుమ 5 పలకలు, ఒక పక్క 6, రెండో పక్క 7. లెక్క తప్పలేదు! పచ్చ తాబేలుకు పక్క పలకలు ఒక్కో వైపు నాలుగే. రిడ్లేకు సాధారణంగా ఆరుకు తగ్గవు, రెండు వైపులా సమానంగా ఉండాలనీ లేదు. కొత్తగా నేర్చేవాళ్ళ చేతికి ఇంతకంటే కలిసొచ్చే ప్రాణి ఇంకోటి దొరకదు.

నా డిప్పను సంచికి తగిలించుకుని బస్సెక్కితే, "ఏందమ్మా, బొద్దింకా?" అని అడిగింది ఒకామె. తాబేలక్కా అన్నాను. ట్రాలర్, అదే వలను ఈడ్చుకుంటూ పోయే పెద్ద చేపల పడవ, దాని వలలో చిక్కితే పైకి తేలి గాలి పీల్చలేక చనిపోతుందని చెప్పాను. నీళ్ళలో ఉండేదానికి ఊపిరాడకపోవడమేంటని ఆమెకు నమ్మకం కుదరలేదు. రేణిగుంట దాకా అదే మాట.

వచ్చే పాఠంలో కన్నాలు వేసే అల్లిక. దాంతో వల అల్లి, తాబేలు తప్పించుకునే తలుపు కూడా పెడదాం. అందాకా నాలుగు రెక్కలకు సరిపడా దారం మిగుల్చుకోండి.