మాటల మూలాలు – 5వ పాఠం: నెత్తి

పోయిన పాఠంలో ‘తల’ చూశాం. తమిళంలో తలై, కన్నడంలో తలె, మలయాళంలో తల. అర్థం ఎక్కడా కదలలేదు కాబట్టి పని సులువైంది. ఈసారి అర్థం కదిలిన మాట పట్టుకుందాం.

నిఘంటువు తెరిచే ముందు మన వాడుకలు రాసుకోండి. ‘నెత్తిన బుట్ట పెట్టుకుంది’, ‘కళ్ళు నెత్తికెక్కాయి’, ‘నెత్తిన పాలు పోశాడు’. వీటిలో నెత్తి అంటే తల పైభాగం. తెలంగాణలో ‘నెత్తి నొస్తుంది’ అంటే మాత్రం మొత్తం తలనొప్పే. ‘నెత్తి దువ్వుకో’ అన్నా అంతే. భాగం పేరు మొత్తానికి పాకింది. దీన్ని యాస అని పక్కకు నెట్టేస్తే బాధేస్తుంది. అర్థం ఎలా విస్తరిస్తుందో కళ్ళముందే చూపించే వాడుక ఇది.

ఇప్పుడు సోదర భాషలు. బరో, ఎమెనోల ద్రావిడ పదవ్యుత్పత్తి నిఘంటువు (1961, రెండో కూర్పు 1984) ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతుంది. అందులో వెతకండి. కన్నడంలో, తుళులో నెత్తి అంటే నడినెత్తే. తమిళంలో ‘నెట్రి’, మలయాళంలో దాదాపు ‘నెట్టి’ అని పలికే మాటకు అర్థం నుదురు! అదే మాట బెత్తెడు కిందికి దిగింది.

మరి ఏది ముందు? ఇలాంటప్పుడు పక్కింటి మాటను కూడా పిలవాలి. పాత తమిళ కవిత్వంలో నుదుటికి ‘నుదల్’ ఉంది. మన నుదురు, కన్నడ నొసలు దాని చుట్టాలే. నుదుటికి అంత పాత మాట వేరే ఉంది కాబట్టి, నెత్తి మొదట పైభాగానిదే అయ్యుంటుందని నా మొగ్గు. తమిళంలో నుదల్ కవిత్వానికి పరిమితమై, మాట్లాడే భాషలో నెట్రి నిలబడింది. మనకు నుదురు వాడుకలోనే ఉండిపోయింది, నెత్తి పైనే ఆగింది.

ఒక జాగ్రత్త. నెత్తికీ నెత్తురుకూ చుట్టరికం లేదు. నెత్తురుకు కన్నడంలో నెత్తరు, పాత తమిళంలో నెయ్‌త్తోర్ తోడున్నాయి. ఆ తమిళ రూపాన్ని నెట్రి పక్కన పెట్టి చూడండి, దారులు వేరని తెలిసిపోతుంది. తెలుగులో ఒకేలా వినిపించినంత మాత్రాన కలిపేయకండి.

అభ్యాసం: మీ ఇంట్లో పెద్దవాళ్ళు తల, నెత్తి, మాడు, నుదురు, నొసలు ఏ వాక్యాల్లో వాడతారో వారం పాటు విని, ఊరి పేరుతో సహా రాసుకోండి. వచ్చే పాఠంలో ‘పుర్రె’ను వాటితోనే మొదలుపెడదాం.