మాఘం ముహూర్తాలకు ముందే పెళ్ళికార్డు ఫొటో మాస్కుల సంగతి చూసుకోండి

మాఘమాసం వచ్చిందంటే ఒడిశాలోని పర్లాకిమిడిలో డీటీపీ (కంప్యూటర్లో కార్డులు తయారుచేసే పని) కుర్చీ వదిలి లేవలేం. ఒకే పెళ్ళికి ఇక్కడివాళ్ళకి ఒడియా కార్డు, పాతపట్నం, టెక్కలి చుట్టాలకి తెలుగు కార్డు. రెండింటి మీదా అంచులు పొగలా కలిసిపోయే వధూవరుల ఫొటో ఉండాల్సిందే. ఆ పొగంతా మాస్కు పనే. అంటే ఫొటోలో ఎక్కడ ఎంత కనిపించాలో చెప్పడానికి దానిమీద వేసే ఆకారం. చేతిలో తీరిక ఉన్నప్పుడే అలవాటు చేసుకోండి.

ఇంక్‌స్కేప్ అనే డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో కొత్తవాళ్ళు ముందు దెబ్బతినేది రంగు దగ్గరే. మాస్కులో తెల్లగా ఉన్నచోట ఫొటో నిండుగా కనిపిస్తుంది, నల్లగా ఉన్నచోట మాయమవుతుంది. నల్ల డబ్బా గీసి గ్రేడియెంట్ (మెల్లగా మారే రంగు) పెట్టారనుకోండి, ఒక కొస నలుపు, రెండో కొస ఏమీలేనితనం. రెండూ సున్నాలే, ఫొటో మొత్తం ఎగిరిపోతుంది. ఫైలు పాడైందని కంగారుపడకండి. ఆబ్జెక్ట్ మెనూలో మాస్కు రిలీజ్ చేసి (తీసేసి), రెండు కొసలకీ తెలుపే ఇచ్చి, ఒకదాని ఒపాసిటీ (రంగు నిండుదనం) సున్నా చేసి, మాస్కు మళ్ళీ వేయండి. రంగుల మాస్కుల జోలికి నేనైతే పోను. పూర్తి నీలం వేస్తే నూటికి 7 వంతుల వెలుగే లెక్కకొస్తుంది, పూర్తి ఆకుపచ్చకి 72.

మాస్కు ఆకారం పైన ఉండాలి, ఫొటో కింద. ఆకారాలు నాలుగైదుంటే ముందే గ్రూపు చేయండి. మాస్కు దాటిన భాగం కనిపించదు కాబట్టి, ఫొటో కార్డు అంచుదాకా వెళ్తుంటే కటింగ్‌కి వదిలే 3 మిల్లీమీటర్లనీ మాస్కు కప్పాలి. ఇల్లస్ట్రేటర్ అనే ఇంకో సాఫ్ట్‌వేర్‌లో మాస్కుకి ఉండే క్లిప్ టిక్కు తీసేస్తే ఇదే తలకిందులవుతుంది, బయటి భాగమంతా బయటపడుతుంది.

అసలు భయపడాల్సింది ప్రెస్సు దగ్గర. ఒకసారి నా కార్డుల మీద ఫొటో చుట్టూ లేతగా ఒక డబ్బా వచ్చింది. తెరమీద దాని జాడే లేదు. మాస్కుకి కావాల్సిన పారదర్శకత పీడీఎఫ్‌లో 2001లో 1.4 వెర్షన్‌తో వచ్చింది. అది లేని 1.3 అడిగే ప్రెస్సుకిస్తే బొమ్మని ముక్కలు చేసి అతికించాల్సి వస్తుంది. నా కార్డులో ఫొటో ముక్క ఆర్‌జీబీ (తెర రంగులు), నేపథ్యం సీఎంవైకే (అచ్చు రంగులు). మార్పిడిలో ఆ రెండూ ఒక్క రంగుకి రాలేదు. ఏ వెర్షన్ తీసుకుంటారో ముందే ఫోన్ చేసి అడగండి. పాతదే అంటే ఫొటోనీ నేపథ్యాన్నీ కలిపి 300 డీపీఐలో (అంగుళానికి 300 చుక్కలు) ఒకే బొమ్మగా చేసి, అక్షరాలు మాత్రం దానిపైన విడిగా వదలండి. నమూనా కార్డు ఒకటి చేతికొచ్చి, పగటి వెలుతుర్లో చూసేదాకా మిగతావి వేయనివ్వకండి.

అక్షరాలనే మాస్కుగా వాడితే పాత్‌గా (ఫాంటు అక్కర్లేని గీతల ఆకారంగా) మార్చి పంపండి. అవతలి కంప్యూటర్లో ఆ ఒడియా ఫాంటు లేకపోతే పేర్లే మారిపోతాయి. మార్చేముందు మాత్రం కాపీ ఒకటి దాచుకోండి. రాత్రి తొమ్మిదింటికి పెళ్ళికూతురి మేనమామ వచ్చి, "తాతగారి పేరు ముందు కీ.శే. మర్చిపోయాం బాబూ" అంటాడు.